కూలెంట్ తగ్గుతోందా? హెడ్ దించే ముందు నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చుకోండి

కారులో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, తగ్గుతోందని షెడ్డుకు తీసుకెళ్తే మనవైపు తరచుగా వినిపించే మాట ఇది: "గ్యాస్కెట్ పోయినట్టుంది సార్, హెడ్ దించాలి." హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, గ్యాస్కెట్ దాని కింద ఉండే పలుచటి రేకు. ఒక్కోసారి అది నిజమే. కానీ ఎన్నోసార్లు హోస్ క్లిప్పు తుప్పు పట్టి వదులై ఉంటుంది, లేదంటే రేడియేటర్ మూతలో రబ్బరు గట్టిపడి ఉంటుంది. వందల్లో అయ్యే పనికి వేలు పెట్టాల్సి రావడం బాధే. అంతకంటే బాధ, హెడ్ దించి బిగించాక కూడా నీళ్లు అలాగే తగ్గుతూ ఉండటం.

దీనికి ఒక వరుస ఉంది. తేలిగ్గా చూడగలిగినవి ముందు, ఇంజిన్ విప్పేవి ఆఖరున. శ్రీకాకుళం, విజయనగరం వైపు రోడ్లనూ నీళ్లనూ ఉప్పు గాలినీ దృష్టిలో పెట్టుకుని ఆ వరుస రాస్తున్నాను.

దారిలో టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తే

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, సాలూరు నుంచి సుంకి వైపు ఎక్కేటప్పుడు, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే రద్దీలో నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర నిలబడ్డప్పుడు ఇంజిన్ వేడి పెరిగిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. హైవే మీద ఎనభైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో పాకుతున్నప్పుడు ఇంజిన్ మీద లోడు ఎక్కువ, గాలి తక్కువ. భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. అప్పటిదాకా దాక్కుని ఉన్న లోపం అక్కడే బయటపడుతుంది.

ముల్లు మామూలు చోటు కంటే పైకి కదలడం చూశారంటే వెంటనే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ ఫుల్‌గా పెట్టండి. కారులో ఉడికిపోతారు, నిజమే, కానీ హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. వీలైన మొదటి చోట పక్కకు ఆపండి. పొగలు రావడం లేదు, ఎర్ర లైటు వెలగలేదు, ఫ్యాన్ తిరుగుతోంది అంటే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ముల్లు దిగుతుందేమో చూడొచ్చు. ఆవిరి వచ్చినా, ఎర్ర లైటు వెలిగినా మాత్రం ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా, ఊళ్లోకి వెళ్లిపోదాం" అనుకోవద్దు. మంచి గ్యాస్కెట్ కాలిపోయేదీ, హెడ్ వంగిపోయేదీ ఆ రెండు కిలోమీటర్లలోనే. మామూలు మోటారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవర్ ఉండదు, ఖర్చంతా మీ జేబులోంచే పోతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. ముల్లు బాగా పైకి వెళ్లి, తర్వాత ఏ కారణమూ లేకుండా కిందికి పడిపోతే హమ్మయ్య అనుకోకండి. సెన్సర్ చుట్టూ నీళ్లే లేకపోతే అది వేడిని సరిగా చదవలేదు. అప్పుడే హీటర్‌లోంచి చల్లగాలి వస్తే నీళ్లు అయిపోయినట్టు లెక్క. ఇప్పుడు చాలా చిన్న కార్లలో ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఆ ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది కాబట్టి అలాంటి కారున్నవాళ్లు మరింత త్వరగా ఆపాలి.

ఆపాక మూత ముట్టుకోవద్దు. వ్యవస్థలో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా మూత ఒత్తిడితో పట్టి ఉంచుతుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. మొహం, చేతులు కాలినవాళ్లు ఎందరో ఉన్నారు. బానెట్ ఎత్తి అరగంట నుంచి ముప్పావు గంట వదిలేయండి. పై హోస్ పైపును చేత్తో గట్టిగా పట్టుకుని ఉంచగలిగినప్పుడు, మందపాటి గుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పండి. ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, చేతులు, చీర కొంగులు, కండువాలు దూరంగా ఉంచండి. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించొద్దు, లోపల కూడా పోయొద్దు. లోహం ఒక్కసారిగా ముడుచుకుని హెడ్ పగలొచ్చు.

ఇంజిన్ చల్లారాక తాగే నీళ్లయినా సరే పోసి దగ్గరి షెడ్డు దాకా వెళ్లొచ్చు, తప్పులేదు. పోసిన నీళ్లు కాసేపటికే మళ్లీ మాయమైతే మాత్రం ఇక నడపొద్దు, బండిని టోయింగ్ చేయించండి. జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేయండి.

అసలు గ్యాస్కెట్ చేసే పని

ఇంజిన్ కింది భాగం బ్లాకు, పై భాగం హెడ్. రెండింటి మధ్య పలుచటి రేకు హెడ్ గ్యాస్కెట్. ఈ రోజుల్లో ఎక్కువగా రెండు మూడు పొరల స్టీలుతో వస్తోంది. ఆ ఒక్క రేకూ మూడింటిని ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపాలి: సిలిండర్లో మండే గ్యాసు, పైకీ కిందికీ పారే ఇంజిన్ ఆయిల్, చుట్టూ తిరిగే కూలెంట్. డీజిల్ ఇంజిన్ సిలిండర్లో మంట సమయంలో ఒత్తిడి 100 బార్ దాటుతుంది. పక్కనే ఉన్న కూలెంట్ దారిలో ఒత్తిడి ఒక బార్ చిల్లర.

వేడి హద్దు దాటితే ఏమవుతుంది? ఒకే వేడికి అల్యూమినియం, బ్లాకులకు వాడే పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అల్యూమినియం హెడ్ సాగాలని చూస్తుంది, బోల్టులు పట్టి ఉంచుతాయి, హెడ్ వంగుతుంది. వంగిన చోట గ్యాస్కెట్ మీద పట్టు సడలుతుంది, అక్కడి నుంచి గ్యాసు దారి చేసుకుంటుంది. అందుకే "గ్యాస్కెట్ పోయింది" అన్న మాట విన్నప్పుడల్లా మీ నోట్లోంచి రావలసిన తర్వాతి ప్రశ్న "ఇంజిన్ ఎందుకు వేడెక్కింది?" అనేదే.

తెల్లవారి, చల్లటి ఇంజిన్ మీద

మొదటి పనికి డబ్బు అక్కర్లేదు. ఉదయం బండి కదలకముందు, చదునైన నేల మీద, కూలెంట్ డబ్బా మీద ఉన్న రెండు గీతల మధ్య మట్టం ఎక్కడుందో చూసి మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత వారం రోజులు అదే వేళకు చూడండి. సాయంత్రం వేడి ఇంజిన్ మీద చూసే మట్టం పనికిరాదు, వేడికి కూలెంట్ వ్యాకోచించి పైకి వస్తుంది.

డబ్బాలు రెండు రకాలు. కొన్ని కార్లలో రేడియేటర్‌కే ఒత్తిడి మూత ఉంటుంది, పక్కన డబ్బా కేవలం నిల్వకు. వీటిలో డబ్బా నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత కూడా తీసి అంచు దాకా ఉందో లేదో చూడాలి. మిగతా కార్లలో డబ్బాకే ఒత్తిడి మూత ఉంటుంది, అక్కడ మట్టం చూస్తే చాలు.

రాత్రి కారు కింద పాత అట్టముక్కో, పేపరో పరచండి. పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూడండి. ఏసీ వేసి వచ్చాక ముందు ఎడమవైపు పడే నీళ్లు ఏసీవే కావచ్చు: రంగు లేదు, వాసన లేదు, వేళ్లకు జిడ్డు లేదు. కూలెంట్ అయితే ఆకుపచ్చ, గులాబీ, నీలం ఏదో ఒక రంగు, కొంచెం తియ్యటి వాసన, వేళ్ల మధ్య జారుడు. నాలుకతో రుచి చూడకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లలూ తాగే ప్రమాదం ఉంది. నేల మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయండి, పాత కూలెంట్‌ను కాలవలోకో చెరువు గట్టు మీదికో పారబోయకండి.

బయటి లీకులు: ఓపిగ్గా వెతకాల్సింది ఇక్కడే

టార్చి పట్టుకుని, చల్లటి ఇంజిన్ మీద, పై నుంచి కిందికి చూస్తూ రండి. తడి దొరక్కపోయినా ఎండిన చార దొరుకుతుంది: తెల్లగానో, కూలెంట్ రంగులోనో పెచ్చు కట్టిన ఉప్పులాంటి మరక.

రేడియేటర్ మధ్యభాగం అల్యూమినియం, పక్కనున్న ట్యాంకులు ప్లాస్టిక్. ఆ రెండూ కలిసే అతుకు దగ్గరా, ప్లాస్టిక్ మెడ దగ్గరా సన్నని చీలికలు వస్తాయి. హోస్ పైపులను నొక్కి చూడండి, ఉబ్బినా, మెత్తగా జావలా ఉన్నా, పగుళ్లున్నా మార్చేయండి. క్లిప్పుల మీద తుప్పు చూడండి. కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ, భోగాపురం తీరం వెంబడి ఉండేవాళ్లకు ఇది మిగతావాళ్ల కంటే ముందే వస్తుంది. ఉప్పు గాలి ఇనుప క్లిప్పునీ, రేడియేటర్ రెక్కలనీ కూడా తినేస్తుంది.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ పాడైతే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి కారాలనే అలా పెట్టారు. అక్కడ చార కనిపిస్తే పంపు వంతు వచ్చిందన్నమాట. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) ఉండే ప్లాస్టిక్ హౌసింగ్, కూలెంట్ డబ్బా అడుగు కూడా మర్చిపోవద్దు. ముందు సీటు ఎడమవైపు కార్పెట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు మంచు పడుతూ, కారంతా తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్, అంటే హీటర్‌లోని చిన్న రేడియేటర్, కారుతోంది. డీజిల్ కార్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) లోపల పగిలితే కూలెంట్ బయట చుక్క పడకుండానే పొగగొట్టం గుండా పోతుంది. దాన్ని చూసి గ్యాస్కెట్ అని పొరబడ్డవాళ్లు తక్కువేం కాదు.

మూతను తక్కువ అంచనా వేయకండి. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, ఆ మూత పట్టే ఒత్తిడి అది, బార్లలో. 1.1 బార్ మూత బాగుంటే మామూలు నీళ్లు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు సడలితే 100 దాటగానే మరిగి డబ్బాలోంచి పొంగిపోతాయి. చల్లారాక పై హోస్ చప్పిడిగా నొక్కుకుపోయి కనిపిస్తే మూతలోని రెండో చిన్న వాల్వు డబ్బాలోంచి నీళ్లు వెనక్కి పీల్చుకోనివ్వడం లేదు. అదే నంబరున్న కొత్త మూత వేసి చూడటం ఈ వ్యాసంలో ఉన్న మరమ్మతులన్నిటిలో చవకైనది.

కంటికి దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ అడగండి. మూత చోట చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి, పావుగంట ఉంచుతారు. మీటర్లో ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. బయట ఎక్కడా తడి లేకుండానే ముల్లు దిగుతుంటే నీళ్లు లోపలికి పోతున్నాయి. గ్యాస్కెట్ మీద అనుమానపడాల్సింది అప్పుడు, అంతకు ముందు కాదు.

గ్యాస్కెట్ గుర్తులు, వాటిని పోలిన ఇతర కారణాలు

తెల్ల పొగ అందరికీ తెలిసిన గుర్తు. కానీ పుష్యమాసం పొద్దున్నే ఏ కారు సైలెన్సర్లోంచైనా తెల్లటి ఆవిరి వస్తుంది, నీళ్లు కూడా చుక్కలు పడతాయి. ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతే దిగులు లేదు. వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తూ, డబ్బాలో మట్టం తగ్గుతుంటేనే అనుమానించాలి. డీజిల్ వాసనతో కూడిన తెల్ల పొగ ఇంజెక్టర్ల వైపు చూపిస్తుంది.

ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు నురగ కనిపిస్తే చాలామంది హడలిపోతారు. వానాకాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఆ నురగ వట్టి తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద కూడా అదే రంగు ఉండి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. ఇక ఆ ఇంజిన్ స్టార్ట్ చేయకండి, ఆ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఆయిల్ కూలర్ ఉన్న ఇంజిన్లలో అదే పగిలినా ఇలాగే అవుతుంది, మెకానిక్‌తో అది కూడా చూడమనండి.

పై హోస్ పరీక్ష నాకు చాలా ఇష్టం, ఏ పరికరమూ అక్కర్లేదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్, మూతలన్నీ బిగించి స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల్లో, హోస్ ఇంకా చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడితే, ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ గ్యాసు వల్ల. బుడగల సంగతీ అంతే: చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే మొదట్లో ఇరుక్కున్న గాలి బుడగలుగా వచ్చి ఆగిపోవచ్చు. ఆగకుండా, రేజ్ చేసినకొద్దీ ఎక్కువవుతుంటే అది మంచి గుర్తు కాదు.

ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు ఒక సిలిండర్ అందుకోక బండి కుదిపి, తర్వాత సర్దుకుంటుందా? రాత్రంతా ఆ సిలిండర్లోకి కూలెంట్ దిగి ఉండొచ్చు. ప్లగ్గులు విప్పితే మిగతావి గోధుమ రంగులో, ఆ ఒక్కటి ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా కనిపిస్తుంది. పెట్రోల్ బండి కాకపోతే ఈ చిట్కా పనిచేయదు. సెల్ఫ్ కొడితే ఠక్కుమని ఆగిపోతుంటే మళ్లీ మళ్లీ కొట్టకండి. సిలిండర్ నిండా నీళ్లుంటే అవి కుదించుకోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

నీళ్లు చుక్క తగ్గకుండా కూడా గ్యాస్కెట్ పోవచ్చని గుర్తుంచుకోండి. రెండు సిలిండర్ల మధ్య సన్నని పట్టీ కాలిపోతే కూలెంటూ ఆయిలూ బాగానే ఉంటాయి, బండి మాత్రం లాగదు. సిలిండర్ ఒత్తిడి కొలిచే కంప్రెషన్ మీటర్ పెడితే పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తాయి.

రుజువు అడగండి

ఇన్ని గుర్తులు ఒకవైపు చూపిస్తున్నా హెడ్ దించే ముందు ఇంకో రుజువు అడగడం మీ హక్కు. రేడియేటర్ మూతి మీద చిన్న గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, కూలెంట్ పైనున్న గాలిని దాని గుండా పీలుస్తారు. సిలిండర్ గ్యాసు కలిసి ఉంటే నీలం పసుపుకు తిరుగుతుంది. కూలెంట్ ఆ గొట్టంలోకి పోతే పరీక్ష చెడిపోతుంది కాబట్టి ముందు మట్టం కొంచెం తగ్గించాలి. కొన్ని కిట్లలో డీజిల్‌కు వేరే ద్రవం ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ఈ కిట్ లేని షెడ్డయితే కంప్రెషన్ టెస్ట్ చేయమనండి, లేదా ఒక్కో సిలిండర్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి రేడియేటర్లో బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. టైర్ షాపు కంప్రెసరైనా చాలు.

ఇక సీసాలో దొరికే లీకు మందులు. వాటిని నేను సిఫారసు చేయను. చీలికను మూసే గుజ్జే హీటర్ కోర్‌నూ, రేడియేటర్ సన్నని గొట్టాలనూ మూసేస్తుంది.

హెడ్ దించక తప్పకపోతే

పని మొదలయ్యే ముందే మాట్లాడుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే బోల్టులు వదులు చేయాలి, అంచుల నుంచి మధ్యకు. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు, బిగింపు బలాన్ని (టార్క్) కొలిచే టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన వరుసలో, దశలవారీగా. "చెయ్యి అలవాటు సార్" అంటే ఒప్పుకోవద్దు. ఎంతో అనుభవమున్న చెయ్యి కూడా టార్క్‌ను కచ్చితంగా కొలవలేదు. ఇప్పటి ఇంజిన్లలో చాలా వాటికి హెడ్ బోల్టులు సాగే రకం, ఒకసారి బిగించాక మళ్లీ వాడకూడదు. కొత్త సెట్టు కొనండి.

హెడ్‌ను లేత్ వర్క్‌షాపుకు పంపించాలి. అక్కడ మూడు పనులు: స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి కమ్మీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) పెట్టి వంపు చూడటం, పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్, అవసరమైతేనే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం). వంపు హద్దు చాలా ఇంజిన్లలో 0.05 మిల్లీమీటర్ దగ్గర్లో ఉంటుంది, కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్‌ది. పగులు చూడకుండా ఫేసింగ్ చేయించి బిగిస్తే డబ్బు రెండుసార్లు పెట్టాల్సి రావచ్చు. బ్లాకు ముఖాన్ని కూడా స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడమనండి, చాలాచోట్ల దీన్ని వదిలేస్తారు. లారీల ఊరుగా పేరున్న సాలూరులోనైనా, విజయనగరంలోనైనా డీజిల్ హెడ్లు చూసి చూసి చేయి తిరిగిన పనివాళ్లున్నారు. దూరమైనా అలాంటివాళ్ల దగ్గరికే పంపండి.

పాత గ్యాస్కెట్ ముక్కలు గీకడానికి గ్రైండర్ డిస్కు వాడనివ్వొద్దు. అల్యూమినియం గుంటలు పడుతుంది, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తుంది. బ్లాకులో బోల్టు రంధ్రాలు పొడిగా ఉండాలి. అడుగున ఆయిలో నీళ్లో ఉండగా బోల్టు బిగిస్తే టార్క్ తప్పుగా చూపిస్తుంది, బ్లాకు పగిలినా పగలొచ్చు. చాలా డీజిల్ ఇంజిన్లకు గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున గాట్లో రంధ్రాలో గుర్తుగా ఉంటాయి. పిస్టన్ ఎంత పైకి వస్తోందో కొలిచి దానికి తగినది వేయాలి.

టైమింగ్ బెల్ట్ ఉన్న బండైతే ఎలాగూ విప్పారు కాబట్టి బెల్ట్, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ అన్నీ అప్పుడే మార్చుకోండి. పాత సామాన్లు, ముఖ్యంగా పాత గ్యాస్కెట్ చూపించమనండి. కాలిన చోట నల్లటి చార స్పష్టంగా ఉంటుంది.

ఎందుకు వేడెక్కిందో తేలాలి

ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యూజు పనిచేస్తున్నాయా? రేడియేటర్ ముందు రెక్కల్లో బురద, నూర్పుల కాలంలో రోడ్ల మీద లేచే ఊక, పురుగులు పేరుకున్నాయా? ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చూడండి, బయటికి కనిపించదు. లోపల బోరు నీళ్ల పొర గట్టిగా పేరుకుందా? బోరు నీళ్లలోని సున్నం ఇంజిన్ లోపలి దారులను కూడా మూసేస్తుంది. దారిలో తప్పక పోసినా, ఇంటికి వచ్చాక అది తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ నింపాలి. డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే నీళ్లు కలపొద్దు. కాన్సంట్రేట్ అయితే సగం సగం. వేర్వేరు రకాలు కలిపితే గుజ్జు కట్టే ప్రమాదం ఉంది, రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు, మాన్యువల్ చెప్పిందే పోయండి.

"మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు" అని పీకి పక్కన పడేసే అలవాటు ఇంకా ఉంది. దయచేసి ఒప్పుకోకండి. అది 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని ఇంజిన్‌ను సరైన వేడిలో ఉంచుతుంది. పీకేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, కొన్ని ఇంజిన్లలో నీళ్లు బైపాస్ దారినే పోయి ఘాట్‌లో వేడి ఇంకా పెరుగుతుంది.

బండి చేతికొచ్చాక గాలి పూర్తిగా తీశారో లేదో చూసుకోండి. హీటర్ వేసి వేడిగాలి నిలకడగా వస్తుంటే, ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగితే గాలి పోయినట్టే. మొదటి వారం ఘాట్లు వద్దు. రోజూ ఉదయం మట్టం చూడండి, మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా దిగితే అది మిగిలిన గాలి, పోసి నింపండి. వారం తర్వాత కూడా దిగుతుంటే బిల్లు తీసుకుని అదే షెడ్డుకు వెళ్లి ప్రెషర్ టెస్ట్ మళ్లీ చేయమనండి.